లారీ కింద పరిచిన పంచె

మా ఆయన పేరు పాపారావు. మొగుడి పేరు నోటితో పలకకూడదని మా అత్తగారు నేర్పారు గానీ, ఆయన గురించి రాయాలని కూర్చున్నాక ‘ఆయన, ఆయన’ అంటూ ఎన్ని పేజీలు లాగుతాను? లారీ డ్రైవరు. మా కొల్లేరు పక్క చెరువుల్లో పట్టిన చేపలను బరంపురం, కటకం దాకా తీసుకెళ్తారు. ఇరవై ఏడేళ్లుగా ఇదే పని. నా పేరు సత్యవేణి. మాది పెదపాడు దగ్గర పల్లె.

ఆయన పని చేస్తుండగా చూడాలంటే ఎండాకాలంలో పదకొండు గంటలకు మా ఊరి చివర చేపల షెడ్డు దగ్గరికి రావాలి. కడిగిన ఖాళీ లారీ తుమ్మచెట్ల పక్కన నిలబడి ఉంటుంది. దాని కింద నాలుగు తెల్ల పంచెలు పరిచి ఉంటాయి. చెట్టు నీడలో మొహం మీద తువ్వాలు కప్పుకుని ఆయన నిద్రపోతూ ఉంటారు. ఆయన వెనక చెరువులు, చెరువుల వెనక గట్లు, గట్లు దాటితే కొల్లేరు. ఆ వేళ ఎండకు నీళ్లెక్కడ ఆగాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. గూడబాతులు గాల్లో ఎగురుతున్నాయో నీళ్లలో ఈదుతున్నాయో కూడా చెప్పలేం. అంతా మెల్లగా ఊగుతున్నట్టు ఉంటుంది. కొత్తగా చూసినవాళ్లు, పని ఎగ్గొట్టి ఎంత హాయిగా పడుకున్నాడో అనుకుంటారు. అదే ఆయన పనిలో మొదటి భాగమని వాళ్లకేం తెలుసు!

ఆయన నిద్రపోయే ఆ గంటన్నరలో లారీ తన బాధలు చెప్పుకుంటుంది. ఎక్కడైనా సీలు అరిగినా, పైపు చిట్లినా ఒక్కో చుక్కా జారి పంచె మీద పడుతుంది. లేచాక పంచెలు బయటికి లాగి, ఎండకు ఎత్తి పట్టుకుని చదువుతారు. ఏ మరక ఎక్కడ పడింది, ఏ రంగు, వేళ్లకు జిగురుగా ఉందా, వాసన ఏమిటి. తర్వాత టైర్లను రాడ్డుతో కొడతారు, లైట్లు, బ్రేకులు చూస్తారు. ఆఖరున షెడ్డు, లారీల యజమాని రాజుగారి మనుషులు ఇచ్చే కాగితం మీద ‘బండి చూసుకున్నాను’ అన్న చోట సంతకం చేస్తారు. మిగతా డ్రైవర్లు మొదట సంతకం చేసి, తర్వాత టీ తాగుతారు. చూడటం మాత్రం ఆ రెండింటి మధ్యా ఎక్కడా ఉండదు.

ఇదంతా ఐస్ రాకముందే జరగాలి. చేపల లారీకి ఒక పెద్ద చిక్కుంది. ట్రేలలో ఐస్ పోసి ఎక్కించారంటే ఇక దాని కిందంతా నీళ్లే. రోడ్డు పొడుగునా కారుతూనే పోతుంది. ఆ కారే నీళ్లలో ఏ నూనె చుక్క ఎక్కణ్నుంచి వచ్చిందో దేవుడికి కూడా తెలియదు.

ఈ అలవాటు మా మామగారు వీరాస్వామి గారి నుంచి వచ్చింది. ఆయన కొల్లేట్లో తాటిదోనె నడిపేవారు. పొద్దున్నే దోనెను నీళ్లలోకి తోయకుండా, గట్టు మీదే దాని నిండా నీళ్లు పోసేవారట. పోసి, చుట్ట వెలిగించుకుని, బయటి వైపు ఎక్కడ చెమ్మ వస్తుందో చూస్తూ కూర్చునేవారట. ‘‘నీళ్లలో దిగాక దోనె అబద్ధం చెబుతుందిరా. నిజం చెప్పేది గట్టు మీదే’’ అనేవారట. మా ఆయన చిన్నప్పుడు ఆ పక్కనే కూర్చుని, చుట్ట వాసనలో, పొగమంచులో, తెల్లారిందో లేదో తెలియని ఆ వెలుగులో చెమ్మ కోసం చూసేవారు. ఇప్పటికీ నిద్రలో ఒక్కోసారి అరచేత్తో మంచం పట్టెను తడుముతారు. దోనె అడుగు తడుముతున్నారని నాకు తెలుసు. నేను కదలకుండా పడుకుంటాను.

ఇక ముక్కు సంగతి. కరోనా వచ్చిపోయాక అందరికీ తిరిగొచ్చిన వాసన ఈయనకు రాలేదు. ఒకరోజు మధ్యాహ్నం ఇంటికొచ్చి, తిన్నగా వంటింట్లోకి వెళ్లి, ఆవకాయ జాడీ మూత తీసి అందులో ముక్కు పెట్టి నిలబడ్డారు. ఎంతకీ మొహం ఎత్తరు. ‘‘ఏవండీ, తినాలనుంటే కంచం పెడతాను, జాడీలో దూకుతారా ఏంటి?’’ అన్నాను. ఆయన నవ్వలేదు.

‘‘ఏమీ తెలియట్లేదు సత్యవేణీ. పంచె మీద పడింది గేరాయిలా, ఇంజనాయిలా అన్నది వాసనతో పట్టేవాణ్ని. ఇప్పుడన్నీ ఒకటే’’ అన్నారు.

‘‘బండిని ముక్కుతో తోలతారా ఎవరైనా?’’

‘‘నేను తోలతాను’’ అన్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, ‘‘ఎవరికీ చెప్పకు. రాజుగారికి తెలిస్తే స్టీరింగు ఇంకొకరికిస్తారు’’ అన్నారు.

అప్పట్నుంచి ఆయన బయల్దేరే రోజుల్లో మధ్యాహ్నం కేరియర్ పట్టుకుని నేనూ షెడ్డుకు వెళ్తున్నాను. అన్నం పెట్టే నెపంతో లారీ అవతలి వైపుకు వెళ్లి, మరకల మీదికి వంగి వాసన చూసి చెబుతాను. చూసినవాళ్లు మాత్రం, ఈ వయసులో ఏం ప్రేమ, ఏం ప్రేమ అని ముక్కున వేలేసుకుంటారు. అనుకోనీ అని ఊరుకున్నాను. రెండు నెలల్లో గేరాయిలుకూ ఇంజనాయిలుకూ తేడా చెప్పడం వచ్చేసింది. గేరాయిలు కంపు ఒకసారి తెలిస్తే మరిచిపోలేం. నన్నడిగితే మా ఊళ్లో ఇంజన్ల గురించి ఇంత చదువుకున్న ఆడది ఇంకొకతె లేదు.

ఈ మే నెలలో ఆ రోజు వచ్చింది.

పొద్దున్నే ఆవకాయ పెట్టుకున్నాను. ముక్కలు తుడవడానికి పెట్టెలోంచి ఒక పాత పంచె తీశాను. మా ఇంట్లో పాత పంచెలన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. లారీ కిందికి వెళ్లేవీ అవే, వంటింట్లోకి వచ్చేవీ అవే. ఆవపిండి, కారం, ఉప్పు కలిపి నువ్వులనూనె పోస్తుంటే చెయ్యి జారి అరచెయ్యంత పంచె మీద ఒలికింది. తీసి పక్కన పడేశాను. సగం కలిపి, మిగతాది వచ్చాక చూద్దామని కేరియర్ పట్టుకుని పరిగెత్తాను.

షెడ్డులో ఆ రోజు మామూలుకంటే గోలగా ఉంది. బొచ్చె, శీలావతి చేపల ట్రేలు వరసగా పేర్చి ఉన్నాయి. ఐస్ లారీ ముందే వచ్చేసింది. సూపర్‌వైజర్ హేమంత్‌కుమార్ ఫోన్ చెవికి పెట్టుకునే కేకలు వేస్తున్నాడు. ‘‘పాపారావు గారండీ, ఐస్ కరిగిపోతోందండీ! ఆ పంచెలు మడిచేయండి బాబూ!’’

మా ఆయన వెనక చక్రాల కింది పంచె లాగి నా ముందు పరిచారు. ఎడమ చక్రం కింద ఉన్న చోట పసుపచ్చని నూనె మరక. అరచెయ్యంత.

‘‘చక్రం మధ్య హబ్బు దగ్గర సీలు పోయిందేమో. కిందకి దూరి చూశాను, బండి కడిగింది కదా, అంతా తడే. నువ్వు చూడు’’ అన్నారు.

నా చేతులు మోచేతుల దాకా ఆవపిండి, వెల్లుల్లి. నా ముక్కులోనూ అదే. ఇంటి దగ్గర కలిపినదాన్ని అలా వదిలేసి వచ్చానని మనసంతా అక్కడే ఉంది. ఆ మరకను చూడగానే పొద్దున ఒలికిన నూనె గుర్తొచ్చింది. అదే సైజు, అదే రంగు.

‘‘అయ్యో, ఇది మన నువ్వులనూనేనండీ! పొద్దున ఒలికింది. ఆ గుడ్డే పొరపాటున మీ సంచిలోకి వచ్చేసింది.’’

‘‘వాసన చూశావా?’’

‘‘చూశానండీ’’ అన్నాను.

చూడలేదు. నడుం వంచలేదు. ఆయన నా వైపు ఒక్క క్షణం చూశారు. హేమంత్ మళ్లీ కేకేశాడు. ఆయన పంచెలు మడిచి, కాగితం మీద సంతకం చేశారు.

ఇంటికొచ్చి ఆవకాయ కలపడం ముగించాను. జాడీలోకి ఎత్తి, వాసెన కట్టడానికి గుడ్డ కోసం వెతుకుతుంటే బేసిన్ కింద ఏదో తెల్లగా కనిపించింది. లాగాను. పంచె. దాని మీద అరచెయ్యంత మరక. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కమ్మని నువ్వులనూనె వాసన.

ఒలికిన గుడ్డ ఇల్లు కదల్లేదు. మరి ఆయన సంచిలో వెళ్లింది ఉతికిన పంచె. దాని మీద పడిన చుక్క లారీ చుక్క.

గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. ఆయనకు ఫోన్ చేశాను. తోలుతున్నప్పుడు ఆయన ఎత్తరు. అదొక నియమం. ఇరవై ఏడేళ్లలో ఆ నియమాన్ని నేను మెచ్చుకోని రోజు అదొక్కటే. హేమంత్‌కు చేశాను. ‘‘బండి వెళ్లి గంట దాటిందమ్మా, ఏమైంది?’’ అన్నాడు. చెబితే ముక్కు సంగతి బయటపడుతుంది. ఒక్క క్షణం నోరు ఆగిపోయింది. ఆ ఒక్క క్షణానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. ‘‘ఎలాగైనా ఆపించండి బాబూ, వెనక చక్రంలో నూనె కారుతోంది’’ అన్నాను.

‘‘తోలేటప్పుడు నా ఫోన్ మాత్రం ఎత్తుతారా అమ్మా ఆయన!’’ అన్నాడు.

హైవే ఎక్కాక ఆయన ఒకచోట ఆగుతారని నాకు తెలుసు. భీమడోలులో సీతారత్నం కొబ్బరిబోండాల పాక దగ్గర. అక్కడ దిగి, చక్రం చక్రానికీ హబ్బు మీద అరచెయ్యి పెట్టి చూస్తారు, జ్వరం వచ్చిన పిల్లల నుదురు చూసినట్టు. ఆగి ఉంటే బతికినట్టే. ఆటోలో ఏలూరు వెళ్లి, తాడేపల్లిగూడెం బస్సు ఎక్కాను. చేతులు కడుక్కోలేదని, ఫోన్ ఇంట్లోనే వదిలేశానని బస్సులో కూర్చున్నాక తెలిసింది. పక్కావిడ, ‘‘ఆవకాయ పెట్టారా అండీ?’’ అని నవ్వింది. నవ్వలేకపోయాను.

ఆ ప్రయాణం ఎంతసేపు పట్టిందో చెప్పలేను. కిటికీలో చెరువులు వెనక్కి జారిపోతున్నాయి. వాలిన ఎండలో ప్రతి చెరువూ వెలిగి ఆరిపోతోంది. రోడ్డు మీద ఒక తడి గీత కనిపిస్తూ, మాయమవుతూ, మళ్లీ కనిపిస్తోంది. ముందు వెళ్లిన చేపల లారీ ఏదో కార్చుకుంటూ పోయిన నీళ్లు. మా లారీయేనని ఎలా అనుకున్నానో, ఆ గీత మీదే కళ్లు పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి అది రోడ్డులా లేదు, కొల్లేరులో దారిలా ఉంది. మా మామగారి దోనెలో మా ఆయన నిలబడి గెడ వేస్తున్నారు, దోనె అడుగున నీళ్లు ఊరుతున్నాయి, నేను గట్టు మీద నిలబడి ‘చూశానండీ, చూశానండీ’ అంటున్నాను. ఆయన చిన్నవాడైపోతున్నారు. ఎవరో భుజం తట్టారు. కండక్టరు టికెట్ చేతికిచ్చాడు. గీత ఇంకా ఉంది.

భీమడోలులో బస్సు ఆగగానే కిటికీలోంచి అరిచాను. ‘‘సీతారత్నం గారండీ! మా లారీ ఆగిందా?’’

ఆవిడ కత్తి పక్కన పెట్టి లేచింది. ‘‘ఈవేళ ఆగలేదమ్మా. గూడెం పోయే ఉల్లిపాయల లారీలు నాలుగు ఇక్కడే నిలిచిపోయాయి. చోటు లేక మీవారు ముందుకెళ్లిపోయారు. చెయ్యి ఊపారు కూడాను.’’

బస్సు కదిలింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. నాకు భయమేసింది. ఆయన చచ్చిపోతారని భయమేసింది. ఎదురొచ్చే ఏ స్కూటరు మీది సంసారమో చచ్చిపోతుందని కూడా భయమేసింది. ఇన్నాళ్లూ ఆయన చాదస్తమని నేను నవ్వుకున్నదంతా ఎవరి ప్రాణాల కోసమో ఆ సీట్లో కూర్చుని తెలుసుకున్నాను.

పూళ్ల ఊరు దాటాక తడి గీత రోడ్డు దిగి పక్కకు తిరిగింది. అక్కడ మా లారీ. వెనక ఎడమ చక్రం ఊడదీసి ఉంది. చెట్టు కింద, మొహం మీద తువ్వాలు కప్పుకుని ఆయన కదలకుండా పడుకుని ఉన్నారు.

‘‘ఆపండి!’’ అని ఎంత గట్టిగా అరిచానో, డ్రైవరు అక్కడికక్కడే ఆపేశాడు. పరిగెత్తాను. దగ్గరికి వెళ్లేదాకా ఆ తువ్వాలు కదల్లేదు. తర్వాత మెల్లగా పైకి లేచి, కిందికి దిగింది. మళ్లీ లేచింది. ఆయన ఊపిరి తీస్తున్నారు. కాళ్ల దగ్గర కూలబడ్డాను. లారీ కింద, ఊడదీసిన చక్రం చోట, మళ్లీ పంచె పరిచి ఉంది.

నా చెయ్యి తగిలి లేచారు. నన్ను చూసి, ఏమాత్రం ఆశ్చర్యపోకుండా, ‘‘జాడీకి వాసెన కట్టావా?’’ అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ‘‘నేను వాసన చూడలేదండీ. చూశానని అబద్ధం చెప్పాను.’’

‘‘తెలుసు’’ అన్నారు.

‘‘తెలుసా!’’

‘‘నువ్వు వంగలేదుగా. నేను చూశాను.’’ లేచి కూర్చుని తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు. ‘‘వంగలేదని తెలిసీ, నీ మాట నమ్మినట్టు నటించి సంతకం పెట్టేశాను. ఆ పిల్లాడు అరుస్తున్నాడు, ఐస్ కరుగుతోంది, నాకూ వెళ్లిపోవాలనే ఉంది. నీ మీద నెట్టేస్తే తేలికైపోయింది. దారంతా స్టీరింగు కాస్త ఎడమకి లాగుతూనే ఉంది. నువ్వులనూనే కదా, నువ్వులనూనే కదా అని నాకు నేనే చెప్పుకుంటూ తోలాను. సీతారత్నం దగ్గర చోటు లేదంటే అదో వంక. ఇక్కడికొచ్చేసరికి అబద్ధం మోయలేక ఆపేశాను. హబ్బు మీద చెయ్యి పెడితే కాలింది.’’ అరచెయ్యి చూపించారు. ఎర్రగా కంది ఉంది. సీలు పోయి నూనె బ్రేకు మీదికి కారిందట. షెడ్డుకు ఫోన్ చేసి చెప్పారట. కొత్త సీలు కోసం మెకానిక్కు గూడెం వెళ్లాడట.

ఇంత సేపూ నా తప్పు, నా తప్పు అనుకుంటూ వచ్చాను. సగం ఆయనే తీసేసుకుంటే తేలికపడాలి కదా. కోపమొచ్చింది. ‘‘తెలిసీ ఎందుకు బయల్దేరారండీ? నన్ను వంగి చూడమని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయింది?’’ అని అక్కడే, రోడ్డు పక్కనే దులిపేశాను. ఆయన తల వంచుకుని విన్నారు.

అంతలో హేమంత్ ఫోన్ చేస్తే ఆయన స్పీకరు పెట్టారు. చేపలు మార్చడానికి ఇంకో లారీ పంపానన్నాడు. తర్వాత గొంతు పెంచాడు. ‘‘ఇంతకీ ఈ బండి ఎవరు చూశారండీ?’’

నేను నోరు తెరిచేలోపే ఆయన, ‘‘నేనే బాబూ. సరిగ్గా చూడకుండానే సంతకం పెట్టాను’’ అన్నారు. ‘‘ఇంకో మాట. కరోనా నుంచీ నాకు వాసన తెలియదు. మా ఆవిడ చూసి చెబుతోంది. రాజుగారితో చెప్పు. ఉంచుకుంటారో లేదో వారిష్టం.’’

ఇన్నాళ్లూ దాచిన మాట అంత మామూలుగా బయటికొచ్చేసింది.

నాలుగు రోజులు ఫోన్ రాలేదు. ఆయన ఇంట్లో కూర్చుని, పెట్టెలోని పంచెలన్నీ తీసి మడతలు విప్పారు. లారీకి వెళ్లేవాటి అంచు మీద నల్లదారంతో కుట్టు వేశారు, వంటింటి వాటితో కలవకుండా. ఇక లారీయే లేకపోతే ఈ కుట్లెందుకని నాకు అనిపించింది. అయినా సూదిలో దారం ఎక్కించి ఇచ్చాను.

ఐదో రోజు హేమంత్ ఇంటికే వచ్చాడు. గుమ్మంలో నిలబడి, ‘‘రమ్మన్నారండీ. ‘బండి చూడని డ్రైవర్లు నా దగ్గర చాలామంది ఉన్నారు, చూడలేదని చెప్పినవాడు ఇతనొక్కడే’ అన్నారండీ రాజుగారు’’ అన్నాడు. మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, ఆ వంకతో కళ్లు తుడుచుకున్నారు.

ఆ మర్నాడు పదకొండు గంటలకు తుమ్మచెట్ల నీడలో ఆయన నిద్రపోయారు. నల్ల అంచు పంచెలు లారీ కింద పరిచి ఉన్నాయి. నేను చేతులు చింతపండుతో తోమి, సబ్బుతో కడుక్కుని, కేరియర్ లేకుండా వెళ్లాను. ఆయన లేచి పంచెలు లాగి, లారీ అవతలికి కాదు, షెడ్డు ముందు అందరూ చూసేచోట పరిచారు. ట్రేలు మోసేవాళ్లు ఆగి చూస్తున్నారు.

‘‘సత్యవేణీ, వచ్చి చూడు’’ అని పిలిచారు.

కొంగు నడుముకు దోపుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. మొదటి పంచె చూశాను. రెండోది చూశాను. మూడోదాని మీద చిన్న చుక్క, గోరంత. ముక్కు ఆనించాను. ఏదీ తేలలేదు. వెనక చెరువుల మీద ఎండ మెల్లగా ఊగుతోంది. గూడబాతు ఒకటి ఎగిరి నీళ్లలోకో ఆకాశంలోకో వెళ్లిపోయింది. ఆయన నా వెనకే, తొందరపెట్టకుండా నిలబడి ఉన్నారు.

‘‘సత్యవేణి గారండీ, ఐస్ కరిగిపోతోందండీ’’ అన్నాడు హేమంత్.

‘‘కరగనివ్వండి’’ అని మళ్లీ వంగాను.